వాగ్దానం కార్డుకు పైనా కిందా ఏముంది?

నర్సమ్మగారి జవాబులు: పాఠకుల ప్రశ్నల శీర్షిక

కొత్త పాఠకులకు ఒక్క మాట. నేను బోధకురాలిని కాను. ఒంగోలు దాపున పుట్టి, మిషన్ ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. గ్రీకు, హెబ్రీ నాకు రావు. పాత అనువాదం తెలుగు బైబిలు, చదివి చదివి అట్ట ఊడిపోయినది, నా పక్కనే ఉంటుంది. అందులోంచే చెబుతాను. కొత్త సంవత్సరం వెళ్ళిన ఈ రోజుల్లో వచ్చే ఉత్తరాల్లో వాగ్దానం కార్డుల మాట లేనిది అరుదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, ఈ ఏడాదికి నీ వాగ్దానం ఇదీ అని ఒక్కో బైబిలు వచనం అచ్చేసి చేతికిచ్చే కార్డులవి. అందుకే ముందు ఆ ఉత్తరం.

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది గుంటూరు జిల్లా. కౌలుకు మూడెకరాల్లో మిర్చి వేశాం. పోయినేడు డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మా ఆయనకి యిర్మీయా 29:11 కార్డు వచ్చింది. 'సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు' అని. ఎంత సంతోషపడ్డాడో చెప్పలేను. బీరువా తలుపుకి అంటించాడు. తర్వాత పూత మీద నల్ల తామరపురుగు పడింది. వచ్చిన కాస్త కాయకీ రేటు లేదు. కౌలు కట్టాలి, మందుల కొట్లో బాకీ ఉంది. ఇప్పుడు గుడికి రానంటున్నాడు. కార్డు చింపలేదు గానీ, తిప్పి అంటించాడు. ఈసారి పాస్టరుగారు చేతికిచ్చిన కార్డు తీసుకోలేదు. వాగ్దానం నెరవేరకపోతే మా విశ్వాసంలో లోపమేనా?
(పేరు వద్దన్నారు)

జవాబు: చెల్లెమ్మా, మీ ఆయన కార్డు చింపకుండా తిప్పి పెట్టాడన్నావే, ఆ మనిషి దేవుణ్ణి వదిలేయలేదు. అలిగాడు. అలగడానికి ఎదుట ఒకరున్నారని నమ్మాలి కదా.

ఇక వచనం సంగతి. బైబిలు తెరిచి యిర్మీయా 28, 29 అధ్యాయాలు వరసగా చదువు, మధ్యలో ఆపకుండా. యెరూషలేము నుంచి రాజునీ పనివాళ్ళనీ బబులోనుకు చెరపట్టుకుపోయారు. అది క్రీ.పూ. 597. ఉన్న ఊరు పోయింది, పొలం పోయింది, మందిరం దూరమైపోయింది. అప్పుడు హనన్యా అనే ప్రవక్త జనం ముందుకొచ్చి, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పాడు. ఆ కాలంలో వాగ్దానం కార్డులు అచ్చేసే అలవాటుంటే హనన్యా మాటకే గిరాకీ ఉండేది. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్ళని రాసి పంపాడు. 29:10 చూడు, మీ కార్డు వచనానికి సరిగ్గా పైనే ఉంది. డెబ్బై ఏళ్ళంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది అక్కడే కన్నుమూస్తారు. అలాంటివాళ్ళకి చెప్పిన మాట 'సమాధానకరమైన ఉద్దేశములు'. ఈ ఏడు పంట బాగా వస్తుందని అందులో లేదు. లేనిదాన్ని ఉన్నట్టు మీ చేతికిచ్చారు. అది మీ విశ్వాసంలో లోపం ఎలా అవుతుంది?

అదే ఉత్తరంలో 5, 6, 7 వచనాలు చూడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, వాటి ఫలాలు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. పరాయి నేల మీద ఓడిపోయినవాళ్ళకి చెప్పిన రోజువారీ పనులివి. ఇవి కార్డు మీద పట్టవు, నిజమే. పట్టవని ఎవరూ అచ్చేయరు. పదకొండో వచనం మాత్రం అద్దాల ఫ్రేముల్లో, కాలెండర్ల మీద, ఆటోల వెనక కనిపిస్తుంది. మన పాస్టర్లలో కొందరు రాత్రి పన్నెండు దాటాక బుట్టలోంచి తీసిన కార్డుని ఏడాది జాతకంలా చదివి వినిపిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. కార్డు మీద నాకేం కోపం లేదు. అది అధ్యాయానికి దారి చూపిస్తే చాలు.

మా ఒంగోలు సంగతి ఒకటి చెబుతాను. 1854 జనవరి 1న, తెల్లవారకముందే అమెరికా మిషనరీ లైమన్ జ్యుయెట్ దొర, ఆయన భార్య, నెల్లూరు జూలియా, మరో ఇద్దరు తెలుగు విశ్వాసులు ఊరిపక్క కొండెక్కి, ఈ ఊరికి మిషనరీగా ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ప్రార్థన కొండ అని ఇప్పటికీ అంటాం. ఆ మనిషి, జాన్ క్లౌ దొర, ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. తర్వాత 1876-78 కరువు. జనం ఆకలికి రాలిపోతుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీ ఇప్పించాడు. ఆ పని నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవలసిందే. కానీ దానికి ముందున్న పన్నెండేళ్ళ ఎదురుచూపునీ కాలువ గట్టు మీద మట్టి మోతనీ కూడా చెప్పాలి కదా.

ఇప్పుడు మీ ఇంటి మాట. మీ ఆయన్ని గుడికి లాక్కెళ్ళకు. హబక్కూకు గ్రంథం మూడే అధ్యాయాలు. రాత్రి అన్నాలయ్యాక రోజుకొకటి నువ్వు పైకి చదువు. ఆయన టీవీ చూస్తున్నా సరే, వింటాడు. మొదటి అధ్యాయంలో ప్రవక్త నేరుగా దేవుడితోనే పేచీ పెట్టుకుంటాడు, నేను మొరపెడుతుంటే నువ్వెన్నాళ్ళు వినకుండా ఉంటావని. అలా అడగడం పాపం కాదని మీ ఆయనకి ముందు తెలియాలి. మూడోరోజు 'చేనిలోని పైరు పంటకు రాకపోయినను' అన్న చోటికి వస్తావు. అక్కడ నీ వ్యాఖ్యానం ఏమీ వద్దు, చదివి ఊరుకో. ఆ ముక్క మొదటిరోజే ఆయన మొహాన కొట్టావో, దెబ్బ తిన్నవాడికి బోధ చేసినట్టవుతుంది. ఆసుపత్రిలో బిడ్డ పోయిన తల్లి మంచం పక్కన నిలబడి 'అన్నీ మన మేలుకే' అనే చుట్టాల్ని నేను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళేదాన్ని.

ప్రార్థనలో కూడా 'ప్రభువా, నీ చిత్తం' అని గబగబా ముగించేయకండి. ఎంత బాకీ, ఎవరికి, ఎప్పటికి కట్టాలి, అంకెలతో సహా చెప్పుకోండి. నోటితో అంకె చెప్పాక కాగితం మీదా రాయండి. ఇంకో వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్ళకముందే కౌలురైతు కార్డు కోసం రైతు సేవా కేంద్రంలో అడగండి. అదీ తోటలు నాటమన్న ఆజ్ఞలో భాగమే అనుకుంటాను.

ప్రశ్న: ఆంటీ, నేను హైదరాబాద్ గచ్చిబౌలిలో సపోర్ట్ జాబ్ చేస్తున్నాను. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర దాకా షిఫ్ట్. మా సంఘంలో రోజూ నాలుగింటికి ఫోన్‌లో ప్రార్థన ఉంటుంది. క్యాబ్‌లోంచే కలుస్తాను, ఐదు నిమిషాల్లో నిద్రపోతాను. వేకువజామున ప్రార్థించనివాళ్ళకి ఆశీర్వాదం ఉండదని అంటున్నారు. హాస్టల్లో లేచేసరికి మధ్యాహ్నం పన్నెండు. బైబిల్ తెరిస్తే మనసు నిలవదు.

జవాబు: అమ్మాయ్, యేసుప్రభువు 'ఇంకను చాల చీకటి' ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళాడు, నిజం. మార్కు 1:35. ఇస్సాకు సాయంకాలం పొలంలో ధ్యానించాడు. దానియేలు రోజుకి మూడుసార్లు మోకాళ్ళూనాడు. పేతురు మిట్టమధ్యాహ్నం మేడెక్కాడు, అపొస్తలుల కార్యములు 10:9. నీకు మధ్యాహ్నం పన్నెండే వేకువ. పేతురు పక్కన కూర్చో.

నీలాంటివాళ్ళ కోసమే ఒక కీర్తన ఉంది, 134వది. మూడే వచనాలు. మందిరంలో 'రాత్రి నిలుచుండువారలారా' అని పిలుస్తుంది. నైట్ డ్యూటీకి వెళ్ళేటప్పుడు మేం అది చెప్పుకునేవాళ్ళం. క్యాబ్‌లో నిద్రొస్తే నిద్రపో. ఫోన్ ప్రార్థనలో నీ గురక అందరికీ వినిపించేకంటే అదే నయం. ఆశీర్వాదం టైమ్ టేబుల్ చూసుకుని రాదు. అలా అన్నవాళ్ళు ఒక నెల నైట్ షిఫ్ట్ చేసి చూస్తే బాగుండు.

మనసు నిలవకపోవడం గురించి. 1535లో జర్మనీలో పేతరు అనే మంగలి, ప్రార్థన ఎలా చేయాలని మార్టిన్ లూథర్‌ని అడిగాడు. అంత పెద్ద పండితుడూ కూర్చుని ఆ మంగలికి ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు. లేఖనంలో ఒక ముక్క తీసుకుని నాలుగు పోగుల దండ పేనినట్టు ప్రార్థిస్తానన్నాడు. ఇందులో నాకేం నేర్పుతున్నావు, దేనికి నీకు కృతజ్ఞత చెప్పాలి, ఏది ఒప్పుకోవాలి, ఏమడగాలి. అంతే. ఉదాహరణకి 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము'. నేర్పింది: ఇవాల్టికి మాత్రమే అడగమన్నావు. కృతజ్ఞత: హాస్టల్ అక్క నా వాటా కూర తీసి మూతపెట్టింది. ఒప్పుకోలు: నిన్న డెలివరీ అబ్బాయి మీద ఊరికే అరిచాను. మనవి: మా నాన్నకి షుగర్ మందులు ఆగకుండా చూడు. ఇలా నీ మాటల్లో, నీ రోజులోంచి. ఒకచోట ఆలోచన ఊరుతుంటే మిగతా పోగులు వదిలేసి అక్కడే ఉండిపొమ్మని కూడా లూథరే అన్నాడు. పది నిమిషాలు చాలు. మనసు ఎటో పోయి మేనేజర్ దగ్గర ఆగిందా? ఆ మేనేజర్ పేరే ప్రార్థనలో పెట్టు. నాకైతే ఇలా చాలామంది వచ్చి చేరారు ప్రార్థనలోకి, పిలవకుండానే.

ప్రశ్న: అమ్మగారూ, మాది మహబూబాబాద్ జిల్లా, డోర్నకల్ దగ్గర పల్లె. మా అమ్మకి చదువు రాదు. నా ఫోన్‌లో బైబిల్ ఆడియో పెట్టుకుని వింటుంది. రోజూ బైబిల్ చదవనివాడి విశ్వాసం చచ్చిన విశ్వాసమని మొన్న కూటంలో ఎవరో ప్రసంగించారు. అప్పట్నించి అమ్మ దిగులుపడుతోంది. విన్నది చదివినట్టు లెక్కకొస్తుందా?

జవాబు: బాబూ, మీ ఊరిపక్కనే ఆ మహాదేవాలయం ఉంది కదా. 1912లో డోర్నకల్ బిషప్పయిన అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లోంచి మొదటి బిషప్పు, ఆ గుడి కట్టించారు. ఆయన మేపిన పల్లె సంఘాల్లో చాలామందికి అక్షరం ముక్క రాదు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి నేర్చుకున్నారు, కథలు విన్నారు, కీర్తనలు పాడారు. వాళ్ళ విశ్వాసం చచ్చినదైతే ఇవాళ మీరూ ఆ ప్రసంగీకుడూ ఎక్కడినుంచి వచ్చినట్టు?

ప్రకటన గ్రంథం 1:3 అమ్మకి చదివి వినిపించు. చదువువాడు ధన్యుడు, విని గైకొనువారు ధన్యులు. అంటే చదివేది ఒకడు, వినేది ఊరంతా. అచ్చు యంత్రం పుట్టేదాకా ప్రపంచంలో క్రైస్తవుల్లో ఎక్కువమంది బతుకంతా ఇలాగే గడిచింది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పు. ఆడియో ఆన్ చేస్తే అధ్యాయం మీద అధ్యాయం అదే పోతుంటుంది. పొయ్యి దగ్గర రేడియోలా మోగుతుంటే చెవిన పడదు. ఒక కథ అవగానే ఆపమను. మళ్ళీ ఒకసారి వినమను. సాయంత్రం మనవలకి అదే కథ తన మాటల్లో చెప్పమను. మా అమ్మకీ చదువు రాదు. ఆమె చెప్పిన రూతు కథలో బోయజు పొలం మా ఊరి చెరువుకిందే ఉండేది. తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నా నాకు ఆ పొలమే కనిపిస్తుంది. ఇంకోమాట, ఫోన్ అమ్మ చేతిలో పెట్టేసి నీ పని అయిపోయిందనుకోకు. వారానికొకసారైనా నీ గొంతుతో చదివి వినిపించు.

ప్రశ్న: ఏడాదిలో బైబిలు పూర్తి చేద్దామని జనవరి 1న మొదలుపెట్టాను. లేవీయకాండము దగ్గర ఆగిపోయాను. చాలా అధ్యాయాలు బాకీ పడ్డాయి. ఏం చేయాలి?
(విజయవాడ)

జవాబు: బాకీ కొట్టేయండి. మొత్తం 1,189 అధ్యాయాలు, రోజుకి మూడుకు పైనే చదవాలి. అందరి వల్లా కాదు. 1842లో స్కాట్లండ్‌లోని డండీలో మక్‌షేన్ అనే యువ పాస్టరు తన సంఘానికి రోజుకి నాలుగు అధ్యాయాల లెక్కన పట్టిక వేసిచ్చాడు. ఇప్పటికీ లోకమంతా వాడుతోంది. ఇచ్చేటప్పుడే ఆయన ప్రమాదాలు కూడా రాశాడు: ఇది మొక్కుబడి కావచ్చు, చదివానన్న గర్వం రావచ్చు, ధ్యాస లేని చదువు కావచ్చు, కొందరికి మోయలేని కాడి కావచ్చు. పట్టికలు పంచేవాళ్ళు ఆ పేజీ పంచరు.

లేవీయకాండము వదిలేసే ముందు 19వ అధ్యాయం ఒక్కటీ చదవండి. కోతలో చేను అంచుల దాకా కోయొద్దు, బీదలకి వదలమంటుంది. కూలివాడి కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దంటుంది. చదివాక మీ ఇంట్లో పనిచేసే ఆమెకి జీతం ఏ తారీఖున ఇస్తున్నారో చూసుకోండి. ఆ రోజుకి ధ్యానం అయిపోయినట్టే.

ప్రశ్న: మా అత్తయ్య తెల్లారి గంటసేపు ప్రార్థన చేస్తారు. ఆమేన్ అనగానే నా మీద మొదలుపెడతారు. ఆవిడ ప్రార్థనలో 'ప్రభువా, మా కోడలి నోరు మార్చు' అని నాకు వినిపించేలా అంటారు. నాకు ఆ ఇంట్లో ప్రార్థన అంటేనే విరక్తి పుడుతోంది.
(ఏలూరు)

జవాబు: నవ్వొచ్చిందమ్మా, క్షమించు. వార్తలు మోసే ప్రార్థనలు నాకూ తెలుసు. లూకా 18లో పరిసయ్యుడు కూడా పక్కవాడి సంగతి దేవుడికి విన్నవించాడు. పన్నులు వసూలుచేసే సుంకరి మాత్రం దూరంగా నిలబడి 'దేవా, పాపినైన నన్ను కరుణించుము' అన్నాడు, అతని ప్రార్థనలో పక్కవాడి ఊసే లేదు.

అత్తయ్యకి ఈ పత్రిక చూపించకు, ఇంకో గొడవ. కుటుంబ ప్రార్థనలో వాక్యం చదివే వంతు నువ్వు అడిగి తీసుకో. మత్తయి 5:23, 24 వచ్చే రోజు ఎలాగూ వస్తుంది, సహోదరుడితో సమాధానపడ్డాకే అర్పణం అర్పించమని. వరసలో రానీ. వెతికి చదివితే నువ్వూ వార్త మోసినట్టే. ఇక నీ ఉత్తరంలో ఆవిడకి మోకాళ్ళ నొప్పులని ఒక మూల రాశావు. గంటసేపు నేల మీద కూర్చుని లేచేసరికి ఎవరికైనా చిరాకే. ఆవిడకి ఒక ఎత్తు కుర్చీ వేసి చూడు. నర్సుగా చెబుతున్నాను.

ప్రశ్న: అక్కా, నేను కువైట్‌లో ఇంటిపనిలో ఉన్నాను. మాది తూర్పు గోదావరి. ఉండేది వంటింటి పక్క చిన్న గది, తలుపుకి గడియ లేదు. పైకి ప్రార్థన చేయను, పాడను. పదేళ్ళ పాప మా అమ్మ దగ్గర ఉంది. దానితో కలిసి ప్రార్థన చేయాలని ఆశ. ఎలా?

జవాబు: తల్లీ, గడియ లేకపోయినా నీది గదే. ప్రార్థిస్తుంటే హన్నా పెదవులు కదిలాయి గానీ స్వరం వినబడలేదు, 1 సమూయేలు 1:13. నెహెమ్యా, రాజు చేతికి గిన్నె అందించే ఉద్యోగి. రాజు ప్రశ్న అడిగాడు, ఇతను జవాబు చెప్పాలి, ఆ మధ్యలోనే ఆకాశమందలి దేవుడికి ప్రార్థన చేశాడు. ఒక్క ఊపిరి పట్టేంత సేపు. రొట్టెపిండి కలుపుతూ, బాత్రూములు కడుగుతూ నీకు అంతసేపు చాలాసార్లు దొరుకుతుంది. రాత్రి పడుకునేముందు 4వ కీర్తన చివరి వచనం, 'నెమ్మదితో పండుకొని నిద్రపోవుదును'. ఒంటరిగా ఉన్నవాళ్ళు చెప్పుకోవలసినదే అది. శుక్రవారం సెలవిచ్చే యజమానులైతే, కువైట్ నగరంలో నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో ఎన్నో భాషలవాళ్ళు ఆరాధనకి కూడుకుంటారు. ఇవ్వకపోతే దానికి దిగులుపడకు.

పాప సంగతి. ఇక్కడికీ అక్కడికీ రెండున్నర గంటల తేడా. ఇక్కడ పాప రాత్రి తొమ్మిదికి పడుకుంటే నీకు అప్పుడు ఆరున్నర, వంటింట్లో పని మీద ఉంటావు. కాబట్టి ఇద్దరూ ఒకే సమయానికి కూర్చోవాలని పట్టుబట్టొద్దు. ఒకే కీర్తన పట్టుకోండి. 121తో మొదలుపెట్టు. ఎనిమిదే వచనాలు. మొదటి నాలుగు పాప చదివి వాయిస్ మెసేజ్ పంపాలి, మిగతా నాలుగు నువ్వు గుసగుసగానైనా చదివి పంపాలి. 'నీ రాకపోకలయందు' అన్న వచనం నీ వంతుకే వస్తుంది. కీర్తన నోటికి వచ్చేదాకా మార్చొద్దు. దాని కింద పాప ఆ రోజు బడి సంగతి ఒకటి చెప్పాలి, నువ్వు తిన్న కూర ఏమిటో చెప్పాలి, అబద్ధమాడకుండా. మీ అమ్మకి ఫోన్‌లో ఆ మైకు బొమ్మ నొక్కి పట్టుకోవడం రాదేమో, పాపకే నేర్పించు.